అల్లుడుగారి నాయిస్ గేట్

నవంబరు 3, సోమవారం

నెలాఖరుకి వాళ్ళిద్దరూ వెళ్ళిపోతారట. అల్లుడుగారు కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, నా వైపు కాకుండా చేతిలో తువ్వాలు వైపు చూస్తూ చెప్పారు.

"ల్యాబుకి దగ్గర్లో రెండు గదుల పోర్షన్ దొరికింది అత్తయ్యగారూ. పాపకి బడి కూడా దగ్గరవుతుంది. మీకీ గోల తప్పుతుంది."

గోల అంటే ఆయన ఎలక్ట్రిక్ గిటారు.

"మంచిదే" అన్నాను.

మంచిదే కదా. అమ్మాయి పోయి ఎనిమిది నెలలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అటక మీద పడి ఉన్న ఆ గిటారూ, దాని మోత పెంచే బియ్యం డబ్బా అంత యాంపూ రెండో నెలలో కిందికి దిగాయి. అప్పటి నుంచీ సాయంత్రం ఐదున్నర మొదలు ఏడు దాకా ముందు గదిలో రంపపు మిల్లు. ఈయన పగలంతా ల్యాబులో మైనంతో, ప్లాస్టరుతో ఊరి జనానికి కట్టుడుపళ్ళు చేస్తారు. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. ఇంటికొచ్చి గెయిన్ అనే నాబ్‌ని చివరికంటా తిప్పి కూర్చుంటారు.

నిజానికి వాయింపుకి నేను అలవాటు పడ్డాను. పడలేనిది ఆయన ఆపినప్పుడు వచ్చే చప్పుడికి. తీగల మీద అరచెయ్యి వేసి ఆపగానే యాంపులోంచి బుస్సుమని ఒకటే బుస, దాని కింద గుయ్యిమని ఇంకొకటి. "పాముల బుట్ట మూత పెట్టండి" అని ఈ ఆరు నెలల్లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మంచిదే.

నవంబరు 4

బడి మన వీధి చివరే ఉంది. ల్యాబు దగ్గరికి మారితే దగ్గరెలా అవుతుంది?

నవంబరు 6, గురువారం

వాళ్ళు ఉండిపోవాలని నేనేమీ అనుకోవడం లేదు. ముప్పై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. నా ఇంట్లో ఒక శబ్దం పుట్టి, దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియక, దాని కారణంగా మనుషులు ఇల్లు మారారంటే నాకు నామర్దా. అంతే.

పిడుగుని అడిగాను. మనవరాలికి ఆ పేరు నేను పెట్టిందే. పదకొండేళ్ళు, నోరు నాది.

"దానికి నాయిస్ గేట్ అని ఒక పెడల్, కాలితో నొక్కే చిన్న పెట్టె, ఉంటుందమ్మమ్మా. నాన్నకి తెలుసు."

"తెలిస్తే ఎందుకు కొనుక్కోలేదు?"

"అమ్మ ఉన్నప్పుడు వాయించలేదుగా. ఇప్పుడు ఏం కొనుక్కున్నా నాన్నకి తప్పు చేసినట్టుంటుంది."

పదకొండేళ్ళు. నాకు తోచని సంగతి.

నవంబరు 8, శనివారం

గిటార్ల దుకాణానికి వెళ్ళాను. బల్ల వెనక బట్టతలతో, ముక్కు మీద కళ్ళద్దాలతో ఒకాయన చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని పొగలో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో ఐరన్ అలాగే ఉంది.

"గుడ్ మార్నింగ్ టీచర్."

తొమ్మిదో తరగతి, మూడో బల్ల, కిటికీ పక్కన. విద్యుత్తు పాఠంలో వందకి పదకొండు తెచ్చుకున్నవాడు. ఇప్పుడు విద్యుత్తుతోనే బతుకుతున్నాడు.

"పదకొండు మార్కులకే ఇంత పొగా" అన్నాను.

"మిగతా ఎనభై తొమ్మిదీ చేతులు కాల్చుకుని తెచ్చుకున్నాను టీచర్."

అల్లుడుగారు తెలుసట. నెలకోసారి తీగలకి వస్తారట, చాలా మర్యాదస్తులట. ఆ మాట ఎందుకో రెండుసార్లు అన్నాడు.

నాయిస్ గేట్ సంగతి అడిగితే వివరంగానే చెప్పాడు. నేను అనుకున్న దాని కంటే మంచి విద్యార్థి. గెయిన్ పెంచడమంటే చీమ నడకని ఏనుగు నడకంత చేయడం. తీగ మోతతో పాటు తీగలోకి దూరిన కరెంటు గుయ్యిమనడం కూడా వేయింతలవుతుంది. ఈ పెడల్ గుమ్మం దగ్గర కాపలావాడు. ఇంతకంటే పెద్ద శబ్దం వస్తే తలుపు తీస్తాడు, చిన్నదైతే వేస్తాడు. ఆ 'ఇంత' ఎంతో మనం నాబ్ తిప్పి చెప్పాలి. దాన్ని థ్రెషోల్డ్ అంటారు.

ఒకే నాబ్ ఉన్నది తీసుకున్నాను. వారం వాడి చూడమన్నాడు, నచ్చకపోతే తిరిగి తెమ్మన్నాడు. సబ్బుపెట్టె అంత ఉంది.

నవంబరు 9, ఆదివారం

పెడల్ బల్ల మీద పెడితే అల్లుడుగారు దాన్ని చూశారు, నన్ను చూశారు.

"మీరెందుకండీ శ్రమ. ఇంకో మూడు వారాలేగా."

"మూడు వారాలు బుస వినే ఓపిక లేదు. తగిలించండి."

గిటారుకీ యాంపుకీ మధ్య తగిలించారు. గుయ్యిమనడం తగ్గింది. బుస తగ్గలేదు. ముందు ఇంట్లోంచి వచ్చే రొద సంగతి తేల్చుకుందామని లైట్లు ఒక్కొక్కటీ ఆర్పించాను. ఫ్యాను రెగ్యులేటరు తిప్పగానే గుయ్యిమనడం గొంతు మార్చింది. పిడుగు చీటీలో రాసుకుంది: నేరస్థుడు నంబర్ ఒకటి, ఫ్యాను.

తర్వాత ఆయన్ని కుర్చీతో సహా గుండ్రంగా తిప్పించాను. గిటారు తీగల కింద ఉండే తీగచుట్ట ఏ దిక్కుకి తిరిగి ఉందన్న దాన్ని బట్టి అది పట్టుకునే రొద మారుతుంది. ఇది పాఠంలో ఉన్నదే. "ఇంకొంచెం ఎడమకి. ఆగండి. ఇంకొంచెం." నలభై ఆరేళ్ళ మనిషి, నోరెత్తకుండా కుర్చీ జరుపుకుంటూ తిరిగారు. పిడుగు నేల మీద పడి నవ్వింది.

రెండు దిక్కుల్లో రొద దాదాపు లేదు. ఒకటి నా కుర్చీ వైపు. రెండోది, దానికి సరిగ్గా ఎదురు, గోడ వైపు.

ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

శాస్త్రప్రకారం రెండూ సమానమే.

నవంబరు 10

బుస ఎందుకు తగ్గలేదో అన్నం తింటుంటే తట్టింది. బుస గిటారుది కాదు. యాంపు కడుపులోదే, గెయిన్ పెంచేటప్పుడు అక్కడే పుడుతోంది. కాపలావాణ్ణి వీధి గుమ్మంలో నిలబెట్టాం, దొంగ వంటింట్లో ఉన్నాడు.

పిల్లలు ఈ తప్పు చేస్తే గోడకుర్చీ వేయించేదాన్ని.

నవంబరు 12, బుధవారం

యాంపు వెనక రెండు రంధ్రాలున్నాయి, గెయిన్ పని అయిపోయాక శబ్దాన్ని ఒకసారి బయటికి పంపి మళ్ళీ లోపలికి తెచ్చుకోవడానికి. లూప్ అంటారట. పెడల్‌ని అక్కడికి మార్చాం. దుకాణంలోని నా శిష్యుడు ఫోన్‌లో చెప్పాడు, నేను టార్చి పట్టాను, అల్లుడుగారు యాంపు వెనక నేల మీద పడుకుని తగిలించారు. పాత చొక్కా వేసుకున్నారు. అది అమ్మాయి కొన్నది.

బుస పోయింది. పూర్తిగా.

ఆయన వాయించారు. గట్టిగా కొట్టినంతసేపూ బాగానే ఉంది. చివర్లో ఆయన రోజూ ఒక పని చేస్తారు. ఆ రంపపు మోత అంతా అయ్యాక ఒక్క తీగనే మెల్లగా మీటి, అది సన్నబడి సన్నబడి పోయేదాకా కదలకుండా కూర్చుంటారు. ఈసారి అది సగంలో టక్కున తెగింది, కత్తెరతో కోసినట్టు. మళ్ళీ మీటారు. మళ్ళీ తెగింది.

"ఆ చివర సాగే ముక్క ఏమైంది?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. "మీరు అది వింటారా?"

"ఇంట్లో ఉంటే వినిపించదా మరి."

"అది కాదండీ. రోజూ వింటారా అని."

కందిపప్పు ఏరాల్సిన పని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళాను.

అది ఎందుకు తెగుతోందో మాత్రం తెలిసింది. గెయిన్ దాటాక అరుపూ గుసగుసా దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. అక్కడ నిలబడ్డ కాపలావాడికి సన్నటి స్వరమేదో బుస ఏదో తేడా తెలియదు. నాబ్ తగ్గిస్తే బుస వస్తుంది, పెంచితే స్వరం చస్తుంది.

నవంబరు 13

పెడల్ తీసేశారు. బుసతో పాటు ఆ చివరి ముక్క కూడా వచ్చింది. కందిపప్పు ముందు గదిలోనే కూర్చుని ఏరాను.

నవంబరు 15, శనివారం

పెడల్ తిరిగి ఇచ్చి జరిగింది చెప్పాను. శిష్యుడు బల్లకింద నుంచి ఇంకొకటి తీశాడు. దీనికి నాలుగు రంధ్రాలు. దీని కళ్ళు ఒకచోట, చేతులు ఒకచోట. గిటారు నుంచి నేరుగా వచ్చే అసలు మోతని చూసి నిర్ణయిస్తుంది. అక్కడ స్వరం స్వరమే, రొద రొదే. తలుపు మాత్రం గెయిన్ దాటాక, బుస పుట్టిన చోట వేస్తుంది. తలుపు ఎంత మెల్లగా మూయాలో చెప్పడానికి వేరే నాబ్.

"ఇది మొదటే ఎందుకివ్వలేదు?"

"మీరు ఒక నాబ్ చాలన్నారు టీచర్. మీకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు."

తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయినా టీచర్, ఇప్పుడు పెడల్ దేనికి? సార్ యాంపు అమ్మిపెట్టమన్నారు కదా."

"ఎప్పుడు?"

"పోయిన నెలాఖర్లో. కొత్త పోర్షన్ ఇంటివాళ్ళు వాయించడానికి ఒప్పుకోరటగా. మీకు చెప్పలేదా?"

చెప్పారన్నాను.

నాలుగు రంధ్రాల పెడల్ ఇవ్వమన్నాను. ఎందుకని అతను అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

నవంబరు 16

గిటారు వాయించుకోవడానికి కాకపోతే, నాకు గోల తప్పించడానికీ కాకపోతే, బడి దగ్గరవడానికీ కాకపోతే, మరి వెళ్ళడం దేనికి?

నవంబరు 19, బుధవారం

అట్టపెట్టెలు వచ్చాయి. పిడుగు పుస్తకాలు సర్దుతూ ఒక్కోటీ పెట్టెలోకి విసురుతోంది.

"మెల్లగా పెట్టవే, చిరుగుతాయి."

"చిరగనీ. నీకేంటి, నువ్వు రావట్లేదుగా."

"నన్నెవరు పిలిచారు?"

"నువ్వెవర్ని ఉండమన్నావు?"

ఈ నోరు నాదేనని ముందే రాశాను.

నవంబరు 22, శనివారం

రెండో పెడల్ ఈ రోజు తగిలించాం. నాలుగు వైర్లు. ఏది ఎక్కడికి వెళ్ళాలో బల్ల మీద కాగితం పెట్టి బొమ్మ గీశాను. ఆయన ఒక వైరు తప్పు పెట్టారు, నేను ఒకటి తప్పు గీశాను, సరిపోయింది.

ఆరు గంటలకి వాయించారు. గట్టిగా, చాలా గట్టిగా, కిటికీ అద్దం అదిరేలా, ఆపి కొట్టి ఆపి కొట్టి. ఆపిన ప్రతిసారీ నిశ్శబ్దం. ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలవడం వినిపించింది. చివర ఒక్క తీగ మీటారు. అది సాగింది, సన్నబడింది, ఎక్కడ అయిపోయిందో నాకు తెలియలేదు. తలుపు మూసినట్టే లేదు.

"అమ్మమ్మా, నీకు నూటికి నూరు" అంది పిడుగు.

ఆయన మొహంలో ఎనిమిది నెలలుగా చూడనిది ఏదో కనిపించింది. సంతోషం అనలేను. పని కుదిరినవాడి మొహం.

"ఇక గోల లేదు. నెలాఖరు సంగతేమిటి?" అన్నాను. మామూలుగా అడిగినట్టే అడిగాను.

ఆయన గిటారు ఒడిలోంచి తీసి గోడకి ఆనించారు. "పాపా, పైన ఆరేసిన బట్టలు తీసుకురామ్మా." పిడుగు వెళ్ళేదాకా ఆగారు. "ఆ రోజు మెట్ల దగ్గర నేను కింది మలుపులో ఉన్నానండీ. కూరల సంచీతో."

"ఏ రోజు?"

ఏ రోజో నాకు తెలుసు. ఈ పుస్తకంలో రాయలేదు. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. అక్టోబరు ఇరవయ్యో తేదీ కింద 'మోకాలి నొప్పి కొంచెం తగ్గింది' అని ఉంది. అదొక్కటే ఉంది.

మూడో అంతస్తు బీమా ఏజెంటమ్మ మెట్ల మీద ఆపి, "మీ అల్లుడు ఇంకా ఇక్కడేనా అండీ?" అంది. నేను, "అమ్మాయి వదిలి వెళ్ళిన సామానంతా సర్దేశానండీ, ఆయనొక్కరే మిగిలారు" అన్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నా మాట నచ్చింది. పైకి ఎక్కుతూ కూడా ఇంకోసారి మనసులో అనుకున్నాను. అదీ ఆ రోజు జరిగింది. మోకాలు కాదు.

"మీరు అబద్ధం ఏమీ అనలేదు లెండి" అన్నారు ఆయన. కోపంగా కూడా కాదు. "తను ఉన్నప్పుడు నేనీ ఇంటి అల్లుణ్ణి. ఇప్పుడు ఏమిటో నాకే తెలీదు. పాపకి మీరు ఎప్పటికీ అమ్మమ్మే. ఆదివారాలు తీసుకొస్తాను. నా సంగతే, ఏమని ఉండను?"

నలభై మంది పిల్లల ముందు ఏనాడూ తడబడని నోరు. వైర్ల బొమ్మ గీసిన కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను.

పిడుగు బట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటి, మిమ్మల్నిద్దర్నీ కూడా గేట్ మూసేసిందా?"

ఎవరం నవ్వలేదు.

నవంబరు 23, ఆదివారం

ఎలా చెప్పాలో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

సారీ అండీ. (కాలు తొక్కినట్టుంది.)

అంతరాయానికి చింతిస్తున్నాము. (రైలు ఆలస్యమైనట్టుంది.)

నేను సరదాకి అన్నాను. (ఇది అబద్ధం. సరదా నాది, ఖర్చు ఆయనది.)

అమ్మాయి ఉంటే చెప్పేది, "అమ్మా, నువ్వు మాటలు వెతకడం మానెయ్" అని. నా కూతురు తక్కువ మాట్లాడేది. ఇద్దరం మాట్లాడితే ఇల్లు పట్టదనేది. అందుకే ఈయన్ని చేసుకుందేమో.

నవంబరు 25, మంగళవారం

ల్యాబుకి వెళ్ళాను. పదేళ్ళుగా ఆయన అక్కడ పనిచేస్తున్నారు, నేను గుమ్మం తొక్కడం ఇదే. పొడుగాటి బల్ల, దాని మీద నీలం ట్రేలు, ఒక్కో ట్రేలో ఒక్కో మనిషి దవడ ప్లాస్టరు అచ్చు, చీటీ మీద పేరు, తేదీ. కిటికీ చువ్వల మీద కూడా తెల్లటి పొడి. ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని వేలెడంత గ్రైండరుతో ఒక సెట్ అంచు అరగదీస్తున్నారు. నన్ను చూసి కూర్చోమన్నట్టు స్టూలు చూపించారు. చేతిలో పని మధ్యలో వదిలేది కాదు కాబోలు, గ్రైండరు ఆపలేదు. అదీ మంచిదే అయింది. ఆ రొదలో చెప్పడం తేలికయింది.

"ఆ మాట అన్నాను. ఆవిడ నవ్వుతుందని అన్నాను. ఆవిడ నవ్వింది కూడా. మా అమ్మాయి గురించి ఎవరైనా అడిగితే నేను ఇలాంటివే అంటాను, లేకపోతే అక్కడే కూలబడిపోతాను. మీ మీద పెట్టి అన్నాను. అది తప్పు."

గ్రైండరు తిరుగుతూనే ఉంది.

"ఏమని ఉండను అని అడిగారు. నేనేమవుతానో నాకు తెలుసా? నాకు ఒక్కతే కూతురు, మీరొక్కరే అల్లుడు. లోకంలో ఇంకెవరూ నన్ను అత్తయ్యగారూ అనరు. మీరు ఆ పోర్షన్‌కి వెళ్తే ఆ పిలుపు కూడా మీతోనే వెళ్ళిపోతుంది. వెళ్ళకండి. నా ఇంట్లో నాకు గోల కావాలి."

ఆయన గ్రైండరు ఆపారు. సెట్ మీద పొడి ఊదారు. చాలాసేపు దాన్నే అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంత ఎండలో నడిచి వచ్చారా?"

"ఆటోలో వచ్చాను."

"నీళ్ళు తాగుతారా?"

తాగాను. వచ్చేశాను.

నవంబరు 26

విన్నారో లేదో కూడా తెలియదు. అడగను.

నవంబరు 28

అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. కొత్తగా కట్టలేదు. కట్టినవి విప్పలేదు. సాయంత్రం వాయించారు, రెండో పెడల్‌తోనే.

నవంబరు 30, ఆదివారం

వెళ్ళాల్సిన రోజు.

పొద్దున్నే లేచి పెట్టెల పక్కన నా కుర్చీ వేసుకుని పేపరు పట్టుకుని కూర్చున్నాను. వ్యాను వస్తే ముందు నాకు కనిపించాలి. తొమ్మిదైనా రాలేదు. తొమ్మిదిన్నరకి అల్లుడుగారు బయటి నుంచి వచ్చారు. చేతిలో వ్యాను తాళం కాదు, ల్యాబు సంచీ. అందులోంచి ఒక గిన్నె, చిన్న గరిటె, రేకు ట్రే ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"పై పళ్ళ సెట్ తీయండి అత్తయ్యగారూ."

"ఏం?"

"మొన్న ల్యాబులో మీరు మాట్లాడుతుంటే కదులుతోంది. పళ్ళు టకటకమంటున్నాయి. చాలా రోజుల నుంచీ వదులుగా ఉన్నట్టుంది, ఎవరికీ చెప్పలేదు మీరు."

గ్రైండరు రొదలో పళ్ళ చప్పుడు విన్న మనిషి మాటలు వినలేదా. అటు తిరిగి సెట్ తీసి ఆయన చేతిలో పెట్టాను. సిగ్గేసింది. మొగుడికి కూడా చూపించని మొహం అది.

ఆయన పొడిలో నీళ్ళు కలిపి గబగబా తిప్పారు. గులాబీ రంగు ముద్ద అయింది. "బయటివాళ్ళకైతే డాక్టరుగారు అచ్చు తీసి పంపిస్తారు. ఇంట్లోవాళ్ళకి నేనే తీస్తాను" అంటూ ట్రేలో ఎత్తి, "నోరు తెరవండి" అన్నారు. అంగిలికి అదిమి పట్టుకున్నారు. "మూడు నిమిషాలు. కదలకూడదు, మాట్లాడకూడదు."

పిడుగు ఫోన్‌లో గడియారం పెట్టింది. "చూస్కో నాన్నా, మళ్ళీ దొరకదు ఈ అవకాశం."

ఆయన ట్రే మీద వేళ్ళు అలాగే ఉంచి, నా తల పైనుంచి కిటికీలోకి చూస్తూ మాట్లాడారు. "ఇది ఒక్క రోజులో అయ్యేది కాదండీ. మైనంతో చేసి ఒకసారి పెట్టి చూడాలి. తర్వాత పళ్ళు అమర్చి ఇంకోసారి. వేసుకున్నాక ఎక్కడైనా ఒరుసుకుంటే మళ్ళీ అరగదీయాలి. నెల పడుతుంది. మీ నోటికైతే రెండు నెలలు." కాస్త ఆగారు. "ఆ పోర్షన్ వాళ్ళకి మొన్ననే ఫోన్ చేసి రామని చెప్పేశాను. యాంపు కూడా అమ్మొద్దన్నాను."

ఎన్నో అనాలనిపించింది. కనీసం ఐదు మాటలు తయారుగా ఉన్నాయి, ఐదూ మంచివే. నోటి నిండా ముద్ద. తల ఊపబోతే, "ఊఁ, కదలొద్దన్నానా" అన్నారు.

కదల్లేదు. కళ్ళు మాత్రం మాట వినలేదు. ముద్ద ఘాటుకి అని తర్వాత పిడుగుకి చెప్పాను.